దివాన్‌గారి పేరున ప్రాక్సీ

నూకరత్నానికి నలభై రెండేళ్లు. పని చేసినంతసేపూ వక్క నములుతుంది. ఇంటర్నెట్ ఉన్న ఒకానొక రాజ్యంలో, కోటలోవాళ్లు అడిగే పేజీలను బయటినుంచి తెచ్చిపెట్టే ప్రాక్సీ సర్వర్ ఆమె చేతిలో ఉండేది.

కోటలో ఆడవాళ్లు విడాకుల గురించి చదువుతున్నారని దివాన్‌కి ఒళ్లు మండింది. "ఇకనుంచి వాళ్లడిగే ప్రతి పేజీ ముందు సభలో తెర మీద నాకు చూపించు. పనికిరానివి నేనే వడపోస్తా!"

"అలాగే బాబుగారూ. కాకపోతే అన్నీ మీ పేరునే వెళ్తాయి, అడిగింది మీరేనని బయటివాళ్లు అనుకుంటారు."

"నా పేరు వింటే అందరికీ హడల్. కానియ్!"

మర్నాడు నిండు సభలో తెర మీద, ఆడవాళ్ల ప్రశ్నలకు బయటి డాక్టర్లు, లాయర్లు పంపిన జవాబులు వచ్చిపడ్డాయి.

"దివాన్‌గారూ, మీకు నెల తప్పి ఎన్నాళ్లైంది?"

"దివాన్‌గారూ, మీ ఆయన మళ్లీ చెయ్యి చేసుకుంటే ఊరుకోకండి. విడాకులకు దారి ఇదీ."

రాజు పడీపడీ నవ్వాడు. "ఎవరయ్యా మీ ఆయన?"

"తీసెయ్యవే ఆ వడపోత!" దివాన్ గోలపెట్టాడు.

ఆమె తీసేసింది. ఆ ఏడాదే నూకరత్నం ఆ తెర మీద కనబడ్డ దారినే తన మొగుడికి విడాకులిచ్చింది.