ఊదా వెలుగు కింద చేతులు

ఒక పట్టణంలో కంటికి కనబడని పురుగు తిరుగుతోందని రాజుకు అనుమానం వచ్చింది. ఆ ఏడు జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి. నీళ్లు చూస్తే తేటగానే ఉన్నాయి, గాలి ఎప్పటిలాగే వీస్తోంది. అయినా మనుషులు రాలిపోతున్నారు.

అలాంటి సమయంలో సముద్రం మీదుగా ఒక దీపాలవాడు వచ్చాడు. అతని పెట్టెల్లో పొడుగాటి గాజు గొట్టాలున్నాయి.

"వానవిల్లులో ఊదారంగు చివరిది కదా ప్రభూ, దానికి అవతల ఇంకో వెలుగుంది. మన కంటికి ఆనదు. అది పడ్డచోట పురుగు బతకదు. నీడపడ్డచోటుకు మాత్రం నేను పూచీ కాదు" అన్నాడు.

"కనబడని దాన్ని కనబడని దానితో చంపుతానంటావు. నమ్మేదెట్లా?" అన్నాడు రాజు.

"దాన్ని అంటిపెట్టుకుని కాస్త నీలం కూడా వస్తుంది. జనం ఆ నీలాన్ని చూసి నమ్ముతారు."

కొండవాగు మీద చక్రం కట్టి, తీగలు లాగి, పట్టణమంతా దీపాలు వేలాడదీశారు. రొట్టెల పళ్లేలు, మాంసం కొట్టే మొద్దులు, మంగలి కత్తులు, మందులు నూరే కల్వాలు, రేవులో దిగే మూటలు, ఆసుపత్రి మంచాలు, అన్నీ ఆ వెలుగు కిందికి వెళ్లి వచ్చేవి. జ్వరాలు నిజంగానే తగ్గాయి. రాజు పేరు ఊరంతా మోగిపోయింది.

జ్వరాలు తగ్గాయి గానీ అనుమానం తగ్గలేదు. దీపం కింద పెట్టని వస్తువును ఎవరూ ముట్టుకునేవారు కాదు. చుట్టానికి మంచినీళ్లిచ్చి, అతను వెళ్లాక చెంబును దీపం కింద పెట్టేవారు. కొన్నాళ్లకు చుట్టం చూస్తుండగానే పెట్టసాగారు.

ఆ పట్టణానికి సిద్ధప్ప తలారి. అనుమానించడమే అతని కొలువు. ఎవరు ఎందుకు నవ్వారో, ఎవరి ఇంట పొయ్యి వేళగాని వేళ ఎందుకు వెలిగిందో అతనికి కావాలి. ఇప్పుడు ఊరంతా తన పని తనకన్నా బాగా చేస్తుంటే అతనికి ఏమీ తోచేది కాదు.

అతని చెల్లెలు గురవమ్మ మంత్రసాని. రాజు కట్టించిన పురిటింట్లో పనిచేసేది. అక్కడా ఒక దీపం ఉంది.

దీపాలు వచ్చిన కొన్నేళ్లకు ఉన్నట్టుండి ఆ పురిటింట్లో ఒక బాలింత జ్వరంతో పోయింది. ఆమె కర్మకాండ కాకముందే ఇంకొకామె పోయింది. అధికారులు వచ్చి చూశారు. దీపం వెలుగుతూనే ఉంది. కనుక తప్పు దీపానిది కాదన్నారు. తప్పు మంత్రసాని చేతుల్లో ఉందన్నారు. గురవమ్మను చెరలో వేశారు. పున్నమి వెళ్లాక పొలిమేర దాటించాలని తీర్పు చెప్పారు.

సిద్ధప్ప చెర దగ్గరికి వెళ్లాడు. అందరికన్నా ముందు చెల్లెల్ని అనుమానించింది అతనే.

"నిజం చెప్పు గురవా. దీపం కింద చేతులు పెట్టావా, లేదా?"

"పెట్టానన్నా. మనిషి మనిషికీ పెట్టాను."

"మరి?"

"నాకేం తెలుసు? వెనకటికి వేడినీళ్లతో, కుంకుడు రసంతో మోచేతుల దాకా తోముకునేదాన్ని. దీపముండగా నీళ్లు దండగన్నారు అధికారులు. మానేశాను." ఆమె తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది, అవి ఎవరి చేతులో అన్నట్టు. "మొదట్లో దాని కింద చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఈమధ్య పాపం చల్లగానే ఉంటోంది."

సిద్ధప్ప ఇంటికి వస్తూ ఆ మాటనే నెమరేసుకున్నాడు. మొరిగే కుక్క మొరగడం మానిందంటే తలారి సంతోషించడు.

ఇంట్లో అతని భార్య పాలలో తోడు వేస్తోంది. గరిటెకు అంటిన ఆ కాస్త పెరుగే తెల్లారేసరికి కుండెడు పాలను గడ్డకట్టిస్తుంది. అందులోనూ కనబడనిదేదో బతికే ఉండాలి కదా అనుకున్నాడు సిద్ధప్ప. గరిటెకు పెరుగు పలచగా పూసి పురిటింటికి పట్టుకెళ్లాడు. మంత్రసాని చేతులు పెట్టేంతసేపూ దీపం కింద దాన్ని అటూ ఇటూ తిప్పి, తెచ్చి గోరువెచ్చని పాలలో ముంచాడు. తెల్లారి చూస్తే పాలు రాయిలా తోడుకున్నాయి.

ఆ తర్వాత రొట్టెల అంగడిలో, మంగలి కొట్టులో, రేవులో అదే పని చేశాడు. అన్ని కుండలూ తోడుకున్నాయి. చివరికి రాజుగారి వంటశాలకు వెళ్లాడు. అక్కడి గొట్టాన్ని ఈమధ్యనే మార్చారు. వంటవాళ్ల కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. ఆ దీపం కింద పెట్టిన గరిటె ముంచితే పాలు పాలుగానే ఉండిపోయాయి.

తోడుకున్నదొకటి, తోడుకోనిదొకటి, రెండు కుండలు తీసుకుని సిద్ధప్ప రాజు ముందు నిలబడ్డాడు. జరిగింది చెప్పాడు. రాజు దీపాలవాణ్ణి పిలిపించాడు.

"గొట్టం ముసలిదైతే కనబడని వెలుగు ముందు చచ్చిపోతుంది ప్రభూ. నీలం మిగులుతుంది. ఏటేటా మార్చాలని మొదటిరోజే మనవి చేశాను" అన్నాడు దీపాలవాడు.

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి నేల వైపు చూశాడు.

రాజు సిద్ధప్ప వైపు తిరిగి అన్నాడు: "కొత్త గొట్టాలు ఓడ మీద రావాలి. అవి వచ్చేదాకా ఈ మాట ఈ గడప దాటకూడదు. దాటితే రేపు రొట్టె కొనేవాడుండడు. మంగలి ముందు మెడ వంచేవాడుండడు. ఊరికి ఊరే తలుపులు మూసుకుంటుంది. మాటివ్వు."

"నా చెల్లెలు?"

"ఇంటికి తీసుకుపో."

"ఆమె తప్పేమీ లేదని దండోరా వేయించండి, ప్రభూ."

"దండోరా వేస్తే, మరి తప్పెవరిదని అడుగుతారు సిద్ధప్పా."

సిద్ధప్ప మాటిచ్చాడు. ఎదుటివాడి నోట్లో అబద్ధం ఉంటే నడక చూసి పట్టేయగల మనిషి అతను. ఆవేళ కోట నుంచి వస్తూ తన నడకే తనకు కొత్తగా అనిపించింది.

గురవమ్మ చెర నుంచి బయటికి వచ్చి ఒక్కటే అడిగింది. "నా చేతులు మంచివేనని తేలిందా అన్నా?"

"తేలింది" అన్నాడు. ఎలా తేలిందని ఆమె అడగలేదు.

ఆమెను వదిలేశారంటే ఏదో మతలబు ఉందని ఊరు గుసగుసలాడింది. కానీ కుమ్మరివాళ్ల కోడలికి నొప్పులు మొదలైతే ఆ పట్టణంలో ఇంకో మంత్రసాని లేదు. పిలవక తప్పలేదు. పురిటింటి ముందు జనం మూగారు. వాళ్లు పుట్టబోయే బిడ్డ కోసం వచ్చినట్టు లేరు. గురవమ్మ చేతుల్ని చూడటానికి వచ్చినట్టున్నారు.

"ముందు దీపం కింద చేతులు పెట్టు. మా కళ్లెదుట పెట్టు" అంది అత్తగారు.

గురవమ్మ పెట్టింది. నీలం వెలుగు ఆమె వేళ్ల మీద మెత్తగా పడింది. లోపలి ఆడవాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు.

గుమ్మం బయట నిలబడ్డ సిద్ధప్ప కళ్లు మూసుకుందామనుకున్నాడు. మూతపడలేదు. ఇంటికి పరుగెత్తి, కాగుతున్న నీళ్లు, కుంకుడు రసం తెచ్చి గుమ్మంలో పెట్టాడు. గడప అవతలే నిలబడి, "ఇందులో కూడా ఒకసారి కడుక్కో గురవా" అన్నాడు.

"ఏం తలారీ, దీపం మీద నమ్మకం లేదా?" అంది అత్తగారు.

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా అతని చేతుల వంక చూశారు.

"ఆ దీపం చచ్చిపోయిందమ్మా" అన్నాడు సిద్ధప్ప, గొంతు తగ్గించి.

అందరూ తల ఎత్తి చూశారు. దీపం నిండుగా వెలుగుతోంది. ఎవరో నవ్వారు. ఒకామె పైట నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు జరిగింది, అతని నుంచి ఏదో వస్తున్నట్టు.

గురవమ్మ మాత్రం దీపం వైపు చూడలేదు. అన్న మొహం వైపు చూసింది. ఏమీ అడగకుండా చేతులు వేడినీళ్లలో ముంచి మోచేతుల దాకా తోముకుంది. తడి చేతులతో మంచం దగ్గరికి వెళ్లింది.

"నన్ను ముట్టుకోవద్దు" అంది కుమ్మరి కోడలు. "వెలుగులో పెట్టిన చేతుల్ని మళ్లీ నీళ్లలో ముంచావు. ఆ నీళ్లు ఎక్కడివో!" అంటూ మంచం చివరికి జరిగి దీపం కిందికి ఒదిగింది.

గురవమ్మ నిలబడిపోయింది. ఆమె మోచేతుల నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా రాలుతున్నాయి.

ఇంకో నొప్పి వచ్చింది. నొప్పికి అనుమానం తెలియదు. కుమ్మరి కోడలు కళ్లు గట్టిగా మూసుకుని, చేతికి అందిన చేతిని పట్టుకుంది. అది గురవమ్మ తడి చెయ్యి. ఇక వదల్లేదు.

సిద్ధప్ప తలుపు దగ్గరగా వేసి వీధి వైపు తిరిగాడు. జనం అతని మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. అతను ఎవరి మొహంలోకీ చూడలేదు.

పొద్దు వాలేవేళకు లోపల బిడ్డ కేరుమంది.

ఆడా మగా అని ఎవరూ అడగలేదు. ముందు వరసలో ఉన్న ముసలాయన గొంతు సవరించుకుని, "తలారీ, లోపల దీపం వెలుగుతోందా?" అన్నాడు.

సిద్ధప్ప తలుపు సందులోంచి చూశాడు. గది నిండా నీలం. ఆ నీలంలో వేడినీళ్లకు ఎర్రగా కందిన రెండు చేతులు బిడ్డను పైకెత్తుతున్నాయి.

"వెలుగుతోంది" అన్నాడు.

జనం మొహాలు విప్పారాయి. అప్పుడు అడిగారు, ఆడబిడ్డా మగబిడ్డా అని.