పత్రి తెచ్చిన నూకాలు

అనగనగా ఒక ఊళ్ళో, మరీ అంత అనగనగా కాదులే తల్లీ, కాలవగట్టున ఒక ఊళ్ళో నూకాలు అనే ఆవిడ ఉండేది. ఇందాక అడిగావు కదా, మమ్మల్నందర్నీ లోపల కూర్చోబెట్టి నువ్వెందుకు అమ్మమ్మా పెరట్లోకెళ్ళి చవితి చంద్రుణ్ణి చూశావని. దానికి జవాబూ ఈ కథే. కాళ్ళు కడుక్కున్నావా? అయితే పడుకుని విను.

చంద్రుణ్ణి ఎందుకు చూడకూడదో తెలుసుగా. ఉండ్రాళ్ళు తిని బొజ్జ బరువై ఆపసోపాలు పడుతున్న వినాయకుణ్ణి చూసి చంద్రుడు నవ్వాడు. అప్పుడు పార్వతమ్మకి కోపమొచ్చి, నిన్ను చూసినవాళ్ళ మీద చెయ్యని తప్పు పడుగాక అంది. దేవతలు బతిమాలితే ఆ శాపం చవితి ఒక్కరోజుకి తగ్గించింది. ఆ తర్వాత కృష్ణుడంతటివాడు పాలలో చంద్రుడి నీడ చూసి, మణి దొంగ అనిపించుకున్నాడు. చవితినాడు ఈ కథ విని అక్షింతలు నెత్తిన వేసుకుంటే దోషం ఉండదన్నారు.

నూకాలు ఊరందరికీ పత్రి తెచ్చేది. ఏ గట్టున ఉత్తరేణి ఉందో, ఏ దొడ్లో మాచీపత్రి ఉందో ఆవిడకే తెలుసు. చవితినాడు తెల్లారకుండా బయల్దేరి, ఇరవయ్యొక్క రకాలూ కోసి ఇంటింటికీ పంచేది. అందరూ పూజలో కూర్చునే వేళకి ఆవిడ ఇంకా ఎవరి గుమ్మంలోనో ఉండేది. అన్ని ఇళ్ళకి ఆకులిచ్చిన మనిషిని పిలిచి ఒక్కళ్ళూ నాలుగు అక్షింతలు వెయ్యలేదు. తోచలేదు మరి, మహానుభావులకి.

ఒక ఏడు చవితి మర్నాడు మునసబుగారింట్లో వినాయకుడికి ఉద్వాసన చెప్పారు. పూలూ పత్రీ పాత పంచెలో మూటగట్టి, బొమ్మతోపాటు కాలవలో కలిపి వచ్చారు. ఆ తర్వాత పూజసామాను తోముతుంటే వెండి ఉద్ధరిణె లేదు. పూజలో నీళ్ళు వదుల్తామే, ఆ చిన్న చెంచా. మునసబుగారి భార్య శేషమాంబగారు పుట్టింటి నించి తెచ్చుకున్నది. పూజలో రాగిదే వాడారట, వెండిది ఎప్పణ్ణించి లేదో ఎవరికీ తెలీదు. నిన్న బయటివాళ్ళెవరొచ్చారు? నూకాలు వచ్చింది. ఇంకేం, దొంగ దొరికిపోయింది.

అప్పుడు నూకాలు శేషమాంబగారి దగ్గరికి వెళ్ళింది. "గుమ్మం బయటే బుట్ట ఇచ్చేసి ఎల్లిపోయేనండి, లోపలికి అడుగెట్టలేదండి" అంది. ఆవిడ తలుపేసుకున్నారు.

అప్పుడు పురోహితుడు సోమయాజులుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన తాపీగా విని, "రాత్రి చంద్రుణ్ణి చూశావుటే?" అన్నాడు. నూకాలుకి అబద్ధం చేతకాదు. "చూసేనండి. ఇంటికెల్తంటే ఎదురుగానే ఉన్నాడండి. కళ్ళు మూసుకుని కాలవగట్టు మీద నడవలేను కదండి" అంది. "మరింకేం, నింద పడక ఏమవుతుంది" అన్నాడాయన.

కృష్ణుడు అడవికెళ్ళి మణి తెచ్చి చూపించాడు, మచ్చ తుడుచుకున్నాడు. నూకాలు ఎక్కణ్ణించి తెస్తుంది చెప్పు.

ఆ తర్వాత మూడో గుమ్మం, పొరుగింటి సూరాయమ్మది. ఒకరి పొయ్యిలో నిప్పు ఒకరు తెచ్చుకునేవాళ్ళు. చవితి పొద్దున సూరాయమ్మ మజ్జిగకని మునసబుగారింటికి వెళ్ళి, నూకాలు పక్కనే నిలబడి ఉంది. బుట్ట గుమ్మం బయటే చేతులు మారడం కళ్ళారా చూసింది. "ఆ ఒక్క ముక్కా చెప్పవే సూరాయీ, నాకది చాలు" అంది నూకాలు. సూరాయమ్మ మొగుడు మునసబుగారి చేను కౌలుకి చేస్తున్నాడు. ఆవిడ నేల చూపులు చూస్తూ, "నేను చూళ్ళేదు" అంది.

చంద్రుణ్ణి చూశానని నిజం చెప్పిన మనిషి దొంగయింది. చూసింది చూళ్ళేదన్న మనిషి మర్యాదస్తురాలైంది. నూకాలు ఇంకెవరినీ అడగలేదు. మూడోనాడు గుమ్మానికి తడిక కట్టేసి ఊరొదిలి వెళ్ళిపోయింది.

ఎండాకాలం కాలవ కట్టేసి పూడిక తీస్తుంటే, బురదలో పాత పంచె మూట, అందులో ఉద్ధరిణె దొరికాయి. పత్రితో కలిపి వాళ్ళే మూటగట్టేసుకున్నారు. శేషమాంబగారు చింతపండు పెట్టి తోముకుని లోపల పెట్టుకున్నారు. ఊరు ఏమందో తెలుసా? "పాపం, చవితి చంద్రుణ్ణి చూసింది, ఎవరేం చేస్తారు" అంది. చంద్రుడు ఎవర్నీ దొంగ అనలేదు తల్లీ. ఆయనకి నోరేదీ? నోళ్ళన్నీ ఊళ్ళోనే ఉన్నాయి.

అప్పుడు సూరాయమ్మ నూకాలు కోసం చుట్టుపక్కల మూడూళ్ళు తిరిగింది. ఎవరూ ఎరగమన్నారు.

ఏమిటలా చూస్తావు? అవును, సూరాయమ్మ నా పేరే. ఆ మాట అన్నది నేనే.

అందుకే ఏటా మీకందరికీ అక్షింతలు వేస్తాను, నేను మాత్రం వేసుకోను. పెరట్లోకి వెళ్ళి చంద్రుణ్ణి బాగా చూస్తాను. నా మీదా ఒక్క నింద పడితే బాగుండునని చూస్తాను. నలభై రెండేళ్ళయింది. ఊళ్ళో ఇప్పటికీ నన్ను మంచిదనే అంటారు.

కథ పోయె కంచికి,
పత్రి పోయె కాలవకి,
నిద్దరొచ్చె నీ కంటికి,
నూకాలు రాలేదు ఇంటికి.