మూర, జాన, రెండు బెత్తెలు

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. ఉండేదంటే, ఇసుక ఉండేది. నీళ్ళు ఆ వేసవికి సెలవు తీసుకున్నాయి. పిల్లలూ, ఈ కథలో కాస్త లెక్క ఉంది. భయపడకండి, చెప్పే నాకే ఏడో ఎక్కం దాటి రాదు.

ఆ వాగు గట్టున సూదయ్య అనే ముళ్ళపంది కాపురం ఉండేవాడు. తవ్వడంలో అతన్ని మించినవాడు లేడని అడవంతా పేరు. ఆ పేరు మోసుకు తిరిగింది కూడా అతనే.

ఎండలు ముదిరాయి. ఒక దుప్పి తన పిల్లను వెంటబెట్టుకుని సూదయ్య దగ్గరికి వచ్చింది.

"మామా, కొండ అవతల మడుగులో నీళ్ళున్నాయట. ఒక పూట నడక. పిల్ల కాళ్ళలో సత్తువ ఉండగానే పోనా? లేక నువ్వు చెలమ తీస్తావా?" అని అడిగింది. చెలమంటే నీటికోసం ఇసుకలో తవ్వే గుంట.

"నేనుండగా నీకు కొండెక్కే ఖర్మేమిటి తల్లీ? కూర్చో!" అన్నాడు సూదయ్య.

తన గుమ్మం ముందు, నీడ బాగుందని, అక్కడే తవ్వడం మొదలుపెట్టాడు.

మొదటి రోజు మూరెడు తవ్వాడు. రెండో రోజు జానెడు తవ్వాడు, అంటే మూరలో సగం. మూడో రోజు రెండు బెత్తెలు తవ్వాడు, అంటే మూరలో మూడో వంతు. నీటిచుక్క లేదు.

"ఇప్పటికైనా పోనా మామా?" అంది దుప్పి.

సూదయ్య తల గోక్కున్నాడు. మూర, జాన, రెండు బెత్తెలు. ఆహా, తవ్వేది తగ్గుతోంది! ఊరు దగ్గరపడేకొద్దీ నడవాల్సింది తగ్గదూ?

"దగ్గరికొచ్చేశాం! లెక్క కుదిరింది!" అని అరిచాడు.

"ఏమయ్యా, గోళ్ళు అరిగిపోయి తవ్వలేకపోతున్నావేమో?" అంది భార్య సూదమ్మ.

"నీకు లెక్కలు తెలియవులే," అన్నాడు సూదయ్య. దుప్పి ఆగిపోయింది.

నాలుగో రోజు పొద్దున దుప్పిపిల్ల పడుకున్నచోటు నుంచి లేవలేదు. కళ్ళు మాత్రం తెరిచి చూసింది.

"ఇంక కొండ దాటలేం మామా," అంది తల్లి మెల్లగా.

సూదయ్య ముళ్ళన్నీ వాలిపోయాయి. గుంటలోకి దూకి, వగరుస్తూ బెత్తెడున్నర తవ్వాడు.

"చూశారా, ఇంకా తగ్గింది..." అన్నాడు.

గుంట అంచున ముసలి ఎండ్రకాయ ఒకటి కిసుక్కున నవ్వింది. "ఒరే సూదిగా, ఆ మట్టి పిడికిట్లో పట్టు. ముద్దవుతోందా?"

"లేదవ్వా, పొడిపొడిగా జారిపోతోంది."

"మొదటి రోజో?"

"అప్పుడూ జారిపోయింది."

"మరి దేనికి దగ్గరయ్యావురా?"

సూదయ్యకు కళ్ళు తిరిగాయి. "తవ్వకం తగ్గుతోంది కదవ్వా! తగ్గి తగ్గి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగినచోట నీళ్ళుండాలి!"

"ఆగాలని నీకెవరు చెప్పారు? మూర, మూరలో సగం, మూడో వంతు, నాలుగో వంతు... ఇదే వరసన రోజూ తవ్వుకుంటూ పో. నీ ఆయుష్షు గట్టిదైతే పాతాళం దాటి అవతలికి పోతావు, తగ్గుతూనే! తగ్గింది నీ గోళ్ళ పదునురా, నీటి దూరం కాదు."

"తగ్గుతూ... ఆగకుండా... పాతాళమా?" సూదయ్య కాళ్ళమీద లెక్కపెట్టుకోబోయాడు. మూడు కాళ్ళు లేపాడు. నాలుగోది లేపేసరికి వెల్లకిలా పడ్డాడు.

"అర్థం కాకపోతే మానె. ఆ పిల్లను చూడు ముందు," అంది సూదమ్మ.

చూశాడు. గుంట చుట్టూ చేరిన అడవంతా తననే చూస్తోంది. నోరు పెగలడానికి నాలుగు మూరలు తవ్వినంత కష్టమైంది.

"దుప్పమ్మా, నేను తప్పుచోట తవ్వాను. నీడ కోసం తవ్వాను, నీటి కోసం కాదు. అవ్వా, ఎక్కడ తవ్వమంటావు?"

ఎండ్రకాయ వాగు మలుపు చూపింది. అక్కడ నీడ లేదు, మండే ఎండ. సూదయ్య జానెడు తవ్వి ముక్కు పెట్టి చూశాడు. చల్లగా తగిలింది. ఇంకో రెండు బెత్తెలు తవ్వాడు. మట్టి ముక్కుకు అంటుకుంది. మరో బెత్తెడు తవ్వి పిడికిలి బిగించాడు. ముద్ద అయింది! ముద్దలోంచి చుక్క జారింది. గుంట అడుగున నీరు ఊరింది.

దుప్పి తన పిల్లను మూతితో నెట్టుకుంటూ తెచ్చింది. పిల్ల మొదట నాకింది, తర్వాత తాగింది, తర్వాత తూలుతూ నిలబడింది.

సూదయ్య అందరికన్నా చివర తాగాడు. తాగి, మళ్ళీ వంగి చెలమ అడుగున మట్టి వాసన చూశాడు.

"కళ్ళెదుట నీళ్ళుంటే ఇంకా వాసనేమిట్రా!" అంది ఎండ్రకాయ.

"ఏమోనవ్వా," అన్నాడు సూదయ్య, మూతి నిండా బురదతో. "ఈసారి కూడా తవ్వకం తగ్గుతూనే వచ్చింది. అందుకే భయం."

నీతి: అడుగు చిన్నదైనంత మాత్రాన గమ్యం దగ్గరైనట్టు కాదు, ఇంకా ఎంత మిగిలిందో అడుగడుగునా పరీక్షించి చూసుకోవాలి.