మీర్జాగారి బుల్‌బుల్

"పనివాడికి చెయ్యి తిరిగిందని ఎప్పుడు తెలుస్తుంది గురువుగారూ?" అని అడిగాడు మృత్యుంజయం.

అడిగింది ప్రశ్నే గాని, కోరింది మెచ్చుకోలు. బందరులో అద్దకపు అచ్చులు చెక్కే సుబ్బలింగాచారి దగ్గర అతను పన్నెండేళ్లుగా పని నేర్చుకున్నాడు. వచ్చే నెలలో పెడనలో సొంత కొట్టం పెట్టుకోబోతున్నాడు. తను చెక్కిన కొత్త అచ్చు ఒకటి గురువు ముందు పెట్టి మరీ అడిగాడు. ఆచారి దాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు. అచ్చును పక్కన పెట్టి, మీర్జా కాజిం అనే పెద్దమనిషి సంగతి చెప్పాడు.

అప్పటికి సుబ్బలింగాచారికి ముప్పై నాలుగేళ్లు. బందరు రేవుకు పారశీక దేశపు ఓడలు వస్తున్న రోజులు. వాళ్లు పట్టుకుపోయే దుప్పట్లలో, తెరల్లో చాలావాటికి గులాబీ కొమ్మ ఉండాలి, కొమ్మ మీద బుల్‌బుల్ ఉండాలి. ఆ దేశంలో బుల్‌బుల్ అంటే పిట్ట ఒక్కటే కాదు. గులాబీని ప్రేమించి, ముల్లు గుచ్చుకున్నా పాట ఆపని ప్రేమికుడు. వందల ఏళ్లుగా కవులు దాని మీద రాస్తూనే ఉన్నారు, చిత్రకారులు గీస్తూనే ఉన్నారు. మన దగ్గర బుల్‌బుల్ అనే పిగిలిపిట్ట వేరు, అది వేరు; దాన్ని బందరులో చూసినవాడు లేడు. మొదట చెక్కిన తాత ఎవరో పెరటి కంచె మీద వాలిన పిగిలిపిట్టను చూసి చెక్కాడు. తర్వాతివాడు దాని నెత్తి మీద జుట్టును నెమలి కుచ్చుగా మార్చాడు. ఆ తర్వాతివాడు చిలుక తోక తగిలించాడు. సుబ్బలింగాచారి దగ్గరికి వచ్చేసరికి అది చాలా అందమైన పక్షి అయింది. ఓడలవాళ్లు ఇదేమిటని అడగలేదు. ఇంకా కావాలన్నారు. ఆచారి బుల్‌బుల్ అంటే రేవులో పేరు.

మీర్జా కాజిం ఆ సరుకుకు మధ్యవర్తి. ఆరో ఏట తండ్రి వెంట ఓడ దిగి, మళ్లీ స్వదేశం చూడలేదు. డెబ్బై దాటాయి. ఉబ్బసం. తెలుగు బందరువాళ్లలాగే మాట్లాడతాడు. అమ్మమ్మగారి తోటలో బుల్‌బుల్ పాడుతుంటే ఇంటిల్లిపాదీ చెంచా చప్పుడు కూడా కానివ్వకుండా కూర్చునేవారని, ఆ గొంతు ఇంకొక్కసారి వింటే చాలునని అందరితో అనేవాడు. వచ్చిన ప్రతి ఓడవాణ్ణీ అడిగేవాడు. పట్టి తేబోయిన పిట్టలన్నీ సముద్రం మీదే చచ్చిపోయేవి.

ఒక చైత్రమాసంలో ఒకటి బతికి వచ్చింది. మీర్జాగారు పంజరానికి తడిగుడ్డ చుట్టి, పల్లకిలో ఒళ్లో పెట్టుకుని ఆచారి కొట్టానికి వచ్చాడు. గుడ్డ తీశాడు. మట్టిరంగు పిట్ట. పిచ్చుక కంటే కాస్త పెద్దది.

"పది రోజులైంది ఆచారీ. గొంతు విప్పదు. రేవులో అందరూ నవ్వుతున్నారు, ఎవడో నన్ను మోసం చేశాడంటున్నారు" అన్నాడు.

"మీకు తెలియదా మీర్జాగారూ? మీ దేశపు పిట్టేగా?"

"విన్నాను గాని చూడలేదయ్యా. పొదలో దాక్కుని పాడుతుంది అది. చూసిందంతా నీ బట్టల మీదే. ఇరవై ఏళ్లుగా చెక్కుతున్నావు, రూపం తెలిసినవాడివి నువ్వు. నువ్వు అవునంటే ఉంచుతాను. కాదంటే వదిలేస్తాను. ఊరికే ఒక పిచ్చుకను ఎండలో పెట్టి చంపడం దేనికి?"

ఆచారి తన అచ్చుల్లోకల్లా మంచిది తెచ్చి పంజరం పక్కన నిలబెట్టాడు. పిట్టకు జుట్టు లేదు. తోక కింద ఎరుపు లేదు. రెక్క మీద చుక్కలు లేవు. ఒక్కొక్కటే పైకి చెబుతుంటే రంగులు కాచే పోలయ్య వచ్చి తొంగిచూశాడు.

"దీనికి ఓడ ఎందుకండీ మీర్జాగారూ? మా ఇంటి చూరులోంచి నడుచుకుంటూ వచ్చేదిగా!"

కొట్టమంతా నవ్వింది. ఆచారి అందరికంటే గట్టిగా నవ్వాడు. మీర్జాగారు కూడా, ఆఖరున, మర్యాద కోసం నవ్వాడు. తనే పంజరం తలుపు తీశాడు. పిట్ట కదల్లేదు. పంజరాన్ని ఒరగబెట్టి కాస్త తట్టాడు. అది నేల మీద రెండు గెంతులు వేసి, కాలువ గట్టున ఉన్న మొగలిపొదలోకి దూరిపోయింది. పంజరం ఆయన వెనక్కి పట్టుకెళ్లలేదు.

పిట్టను వదిలిన నాలుగో రోజు తెల్లవారుతుండగా కాలువలో మోకాలి లోతున నిలబడి బట్టలు జాడిస్తున్నవాళ్లు ఒక్కొక్కరే చేతులు ఆపారు. పొదలోంచి ఒకే స్వరం, ఆరేడుసార్లు, ప్రతిసారీ కొంచెం హెచ్చుతూ వచ్చింది. ఇక పైకి పోవడానికి లేదనిపించిన చోట అది విరిగి, నీళ్లు మరిగినట్టు గలగలమంది. తర్వాత నిశ్శబ్దం. మళ్లీ మొదటి నుంచి.

పోలయ్య తడిబట్ట భుజాన వేసుకునే పరుగెత్తుకొచ్చాడు. "ఆచారిగారూ, ఇది మన దేశపు గొంతు కాదండీ. మీర్జాగారికి కబురు పంపండి."

"ముందు పని చూసుకో" అన్నాడు ఆచారి.

మీర్జాగారి ఇల్లు రేవు దగ్గర, అరగంట నడక. పల్లకి పంపితే పొద్దు ఎక్కకముందే వచ్చి వినేవాడు. ఆచారికి అది తెలియక కాదు. గోడవారన నలభై బుల్‌బుల్ అచ్చులు వరసగా ఉన్నాయి. ఓడకు ఎక్కించాల్సిన దుప్పట్ల మీద ఇంకా తడి ఆరలేదు. కబురు పంపడమంటే, వాటన్నిటి ముందు నిలబడి నాకు తెలియదని ఒప్పుకోవడం. రేపు చూద్దాం అనుకున్నాడు.

మర్నాడూ పాడింది. ఆచారి గట్టు మీదికి వెళ్లి, ఒంగి, ఆకులు తప్పించి చూశాడు. ముళ్లు, ఆకులు, చీకటి. పాట మాత్రం చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. పైపంచ వేసుకుని రేవు వైపు బయలుదేరాడు. వంతెన దాకా వెళ్లాడు. ఎదురైన తెలిసినాయన, "ఏం ఆచారీ, మీర్జాగారి పిచ్చుకకు భలే తీర్పు చెప్పావటగా!" అని వీపు తట్టాడు. ఆచారి నవ్వి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేశాడు.

ఆ మర్నాడు కొద్దిగానే పాడింది. తర్వాతి రోజు పాడలేదు. సముద్రం తినగా మిగిలిన ప్రాణం అంతవరకే అయి ఉంటుంది, లేదా పిల్లి పట్టి ఉంటుంది. పొద కింద వెతికితే ఒక ఈక కూడా దొరకలేదు.

ఆ సాయంత్రం ఆచారి మీర్జాగారింటికి వెళ్లాడు. చెప్పేయాలనే వెళ్లాడు. ఆయన వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఇతను నోరు తెరవకముందే చెయ్యి పట్టుకున్నాడు.

"మేలు చేశావు ఆచారీ. ఒక పిచ్చుక ముందు కూర్చుని, ఎప్పుడు పాడుతుందా అని చూస్తూ పోయేవాణ్ణి. ఇక ఆ ఆశ వదిలేశాను. నాకో దుప్పటి అద్ది పెట్టు, కప్పుకుంటాను. బుల్‌బుల్ ఉండాలి. నీది."

ఆచారి చెప్పలేదు. దుప్పటి అద్దాడు. తన జన్మలో అంత మంచి పని మరొకటి చేయలేదు. మీర్జాగారు దాన్ని ఒళ్లో పరుచుకుని, పిట్ట కుచ్చును వేలితో తడిమి, "ఇదీ" అన్నాడు. ఆషాఢంలో వానలు పట్టాక, ఆ దుప్పటి కిందే పోయాడు.

మృత్యుంజయం తన అచ్చును గురువు పక్క నుంచి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. అయినా పనివాడు గనక చివరికి అడిగాడు: "ఇప్పుడైనా ఆ నిజమైన పిట్టను మీరు చెక్కి పెట్టవచ్చు గదండీ. ఈ ఊళ్లో ఇప్పుడు బతికున్నవాళ్లలో దాన్ని దగ్గరగా చూసింది మీరొక్కరే."

"దానికి లేనివన్నీ చెప్పగలనయ్యా" అన్నాడు సుబ్బలింగాచారి. "ఉన్నవి చూడలేదు. నేనప్పుడు నవ్వుతున్నాను."