మూడు రెట్ల వరుడు

డెబ్బై అయిదేళ్ల రణభైరవ మహారాజుకు మళ్లీ పెళ్లి మీద మనసు పుట్టింది. పిల్ల ఎవరనుకున్నారు? ఊళ్లో దండోరా వేసే పాతికేళ్ల పైడమ్మ!

కొలువుకు పిలిపించి సంగతి చెబితే, "వయసులు చూడండి ప్రభూ!" అని మొత్తుకుంది పైడమ్మ.

ఆస్థాన జ్యోతిష్కుడు లేచాడు. "పిచ్చిదానా! నీకు పదేళ్లప్పుడు ప్రభువులకు అరవై. అంటే ఆరు రెట్లు. ఇప్పుడో? మూడు రెట్లే! ప్రభువులు ఏటేటా నీ ఈడుకు వచ్చేస్తున్నారు!"

సభంతా చప్పట్లు. రాజు మీసం దువ్వాడు.

పైడమ్మ కళ్లు మెరిశాయి. "అబ్బ, ఎంత చల్లని మాట! మూడు రెట్లు రెండవుతాయి, రెండు ఒకటవుతుంది. మన ఇద్దరి వయసూ ఒకటైన రోజునే ముహూర్తం పెట్టించండి!"

"అలాగే! ఇప్పుడే దండోరా వెయ్యి!" అన్నాడు రాజు పొంగిపోయి.

ఆ రాజ్యంలో దండోరా పడిన మాటను రాజైనా వెనక్కి తీసుకోకూడదు. పైడమ్మ ఒక్క పరుగున వెళ్లి, వీధివీధినా డప్పు మోగించి వచ్చింది.

"ఇంతకీ ఆ రోజు ఎప్పుడయ్యా?" రాజు ఆత్రంగా అడిగాడు.

జ్యోతిష్కుడు ఏడాదికో గవ్వ చొప్పున ఇద్దరికీ చెరో వరస పేర్చాడు. రాజు వరసకు ఎన్నేళ్లు కలిపితే పిల్ల వరసకూ అన్నేళ్లే కలపాలి. రెట్లు తగ్గుతున్నాయి గాని, మధ్యలో యాభై గవ్వల తేడా కదలడం లేదు! అతను గవ్వలు వదిలి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ... ఆ రోజు రాదు."

పైడమ్మ డప్పు భుజాన వేసుకుంది. "నాకేం తొందర లేదు ప్రభూ! వచ్చినప్పుడు కబురంపండి. ఆ దండోరా కూడా నేనే వేస్తాను!"