తెల్ల బంగారం

పది రోజుల్లో నిశ్చితార్థం పెట్టుకుని దస్తగిరి ఉంగరం దగ్గర ఆగిపోయాడు.

అతను నంద్యాలలో ఒక పాల డెయిరీలో పరీక్షలు చేసే ఉద్యోగి. పాలల్లో నీళ్ళు కలిపినా, పిండి కలిపినా ఇట్టే పట్టేస్తాడు. ఆరేళ్ళు ఆ పని చేసి చేసి, లోపలొకటి బయటొకటి ఉండే దేన్నీ సహించలేని మనిషయ్యాడు. అది తనలోని మంచి గుణమనే అనుకునేవాడు.

అతను చేసుకోబోయే పిల్ల గౌసియా. ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. మూడేళ్ళ కిందట తల్లి పోయింది. ఇంట్లో తండ్రి ఇమాంవలి, ఆమె, ఇద్దరే.

ఆమెకు పెట్టే ఉంగరం కోసం ఇద్దరూ నగల అంగడికి వెళ్ళారు. అంగడాయన రెండు ఉంగరాలు తీసి ముందు పెట్టాడు. ఒకటి ప్లాటినం, ఒకటి తెల్ల బంగారం. చూపుకు రెండూ ఒకటే. దస్తగిరి గుచ్చి గుచ్చి అడిగితే ఆయన ఉన్న సంగతి చెప్పాడు. తెల్ల బంగారమంటే మామూలు బంగారమే. అందులో వేరే తెల్ల లోహం కలిపి, పైన రోడియం అనే లోహంతో పూత వేస్తారు. రెండు మూడేళ్ళకు పూత అరిగి లోపలి పసుపు ఛాయ బయటపడుతుంది, మళ్ళీ పూత వేయించుకోవాలి. ప్లాటినం మీద గీతలు పడతాయి గానీ అది లోపలా బయటా ఒకటే తెలుపు.

గౌసియా తెల్ల బంగారమే కావాలంది. దస్తగిరి ఒప్పుకోలేదు. పూత వేసిన వస్తువుతో కాపురం మొదలుపెట్టడమేమిటన్నాడు. అది కల్తీ అన్నాడు. అంగట్లో అందరూ వింటున్నారని కూడా చూసుకోలేదు. ఆమె లేచి బయటికి నడిచింది. మర్నాడు ఇమాంవలి ఫోన్ చేసి, నిశ్చితార్థం కొన్నాళ్ళు ఆపుదామని అమ్మాయి అంటోందని చెప్పాడు.

దస్తగిరి ఆ ఆదివారం పొద్దున్నే హుసేన్ తాత దగ్గరికి వెళ్ళాడు.

హుసేన్ తాత ఊరి చివర దర్గా పక్కన చిన్న ఇంట్లో ఉంటారు. గురువారం సాయంత్రాలు నలుగురూ చేరి ఆయన మాటలు వింటారు. మిగతా రోజుల్లో ఆయన గిన్నెలకు తగరంతో కళాయి పూస్తారు. అదే ఆయన బతుకుతెరువు. చదువుకునే రోజుల నుంచీ దస్తగిరి ఆయన శిష్యుడు.

జరిగిందంతా చెప్పి, చివర అడిగాడు. "నిజంగా ఉన్నది కావాలనడం తప్పా తాతా?"

తాత పక్కనున్న ఇత్తడి గిన్నె ఒకటి అతని ముందుకు జరిపారు. లోపల పాత కళాయి పోయి అడుగున పచ్చగా కిలుం పట్టి ఉంది.

"మధ్యాహ్నానికి ఇచ్చేయాలి. నువ్వు చెయ్యి" అన్నారు.

దస్తగిరికి ఆ పని చూడటమే తప్ప చేయడం తెలియదు. చింతపండు, ఇసుక వేసి చేతులు నొప్పి పుట్టేదాకా గిన్నె తోమాడు. బొగ్గుల మీద పెట్టి తిత్తి ఊదాడు. మొదటిసారి గిన్నె చాలినంత కాలలేదు, తగరం ముద్దగా ఒకచోటే అంటుకుంది. రెండోసారి వేలు కాలింది. తాత చూస్తూ కూర్చున్నారు గానీ చెయ్యి పెట్టలేదు. మూడోసారి నవాసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ లేచింది. దూదితో గబగబా తిప్పితే తగరం గిన్నె నిండా పాకి అద్దంలా మెరిసింది. అంగట్లో గొడవయ్యాక మొదటిసారి దస్తగిరి ముఖంలో నవ్వు కనిపించింది.

మధ్యాహ్నం నారాయణమ్మ అనే ముసలావిడ గిన్నె కోసం వచ్చింది. లోపలంతా అరచేత్తో తడిమి చూసుకుంది. దస్తగిరికి నోరు ఊరుకోలేదు.

"అవ్వా, ఇది ఏడాదికి మించి ఉండదు. అరిగిపోతుంది."

"అరగదా మరి, రోజూ పులుసు కాస్తుంటే?" అంది ఆవిడ. "మళ్ళీ తెస్తా. ముందు మా అత్త తెచ్చేది, ఇప్పుడు నేను తెస్తున్నా."

గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ మాటలో ఆవిడకు దిగులేమీ ఉన్నట్టు లేదు. దస్తగిరి ఆమె పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు అడిగారు తాత. "ఆ పిల్లకు తెల్ల బంగారమే ఎందుకు కావాలంట?"

"తెలీదు తాతా."

"అడిగినావా?"

దస్తగిరి తల వంచుకున్నాడు. తాత చెంబు తీసుకొచ్చి అతని చేతుల మీద నీళ్ళు పోశారు. మసి వదిలేదాకా పోస్తూనే ఉన్నారు.

"ఇంక పో" అన్నారు.

గౌసియా ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ దగ్గర ఒక్కతే ఉంది. అతన్ని చూసి మిషన్ ఆపింది, కూర్చోమనలేదు. దస్తగిరి నిలబడే, ఆ రోజు తను అడగాల్సింది అడగలేదనీ, ఇప్పుడు వినడానికే వచ్చాననీ చెప్పాడు.

ఆమె సొరుగులోంచి చిన్న గుడ్డమూట తీసి విప్పింది. అందులో పాతకాలపు కమ్మల జత ఉంది.

"మా అమ్మవి. వీటిని కరిగించి ఉంగరం చేయించాలని నా ఆశ. బంగారం బంగారమే అవుతుంది గానీ ప్లాటినం కాదు కదా."

"మరి తెలుపెందుకు? పచ్చగానే ఉంచొచ్చు కదా?"

ఆమె అతని చేతి వైపు చూపించింది. దస్తగిరి వేలికి వెండి ఉంగరం ఉంది. తమ మతంలో మగవాళ్ళకు బంగారం కూడదని అతను వెండే పెట్టుకుంటాడు.

"నా చెయ్యి నీ చెయ్యి పక్కన ఉన్నప్పుడు ఒకటిగా కనిపించాలనుకున్నా. ఆ మాట అందరి ముందర ఎట్లా చెప్పేది? అంతలోనే నువ్వు కల్తీ అన్నావు."

దస్తగిరి కమ్మలు చేతిలోకి తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి చెవులకుండి అంచులు అరిగి నున్నగా అయ్యాయి.

గౌసియా కళ్ళు తుడుచుకుని మెల్లగా అంది. "కానీ అంగడాయన చెప్పింది నిజమే. రెండు మూడేళ్ళకు పసుపు బయటపడుతుంది. అప్పుడు నీకు మళ్ళీ కష్టంగా ఉంటుందేమో."

"బయటపడనీ" అన్నాడు దస్తగిరి. "మీ అమ్మను నేను చూడనే లేదు. అప్పుడన్నా చూస్తా."

గౌసియా అతని చేతిలోంచి కమ్మలు తీసుకుని, మళ్ళీ మూటగట్టి అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"అంగడికి నువ్వే తీసుకుపో" అంది.