గన్నేరుమిట్ట ముడెమ్మ తల్లి: ఎడమముడి మాల కథ

గన్నేరుమిట్ట ఊరికి పడమరగా, ఏటి ఒడ్డున, శ్మశానానికి ఆనుకొని ఒక మిట్ట ఉన్నది. దాని మీద ముడెమ్మ తల్లి గుడి ఉన్నది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నాలుగు రాతి స్తంభాలు, వాటి మీద ఒక బండ, చుట్టూ ఎర్ర గన్నేరు చెట్లు, అంతే. బస్సు దిగిన చోటి నుండి పూలతోటల మధ్యగా అర మైలు నడవాలి. బంతి, కనకాంబరం, చామంతి, మల్లె ఏ కాలానికి ఆ కాలపు తోటలు దారికి రెండు వైపులా కనిపిస్తాయి. ఈ ఊరివారికి పూలే సేద్యం, పూలే వ్యాపారం.

అమ్మవారి విగ్రహం రెండడుగుల నల్లరాయి. శూలం లేదు, అభయహస్తం లేదు. అమ్మ రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. ఆ చేతులకు వేళ్ళు లేవు. కొత్తగా వచ్చినవారు రాయి అరిగిపోయిందనుకుంటారు. అరిగిపోలేదు. చెక్కినవాడు వేళ్ళు చెక్కలేదు. ఎందుకు చెక్కలేదో తెలియడానికే ఈ చిన్న పుస్తకం.

పూర్వం ఈ సీమను సిద్దప నాయడు అనే పాలెగాడు ఏలేవాడు. అతని కోటలో వేణుగోపాలస్వామి గుడి ఉండేది. స్వామికి రోజూ రెండు మాలలు కట్టి ఇచ్చినందుకు ఒక కుటుంబానికి ఏటి పక్క తోటను మాన్యంగా ఇచ్చారు. ఆ ఇంటి పెద్ద తిమ్మయ్య. అతనికి ముసలితనంలో చూపు పోయింది, చేతులకు వణుకు పట్టింది. కొడుకు చెన్నప్ప తోట చూసేవాడు. కోడలు ఓబులమ్మ మాలలు కట్టేది. వారికి రంగి అని ఆరేళ్ళ కూతురు.

ఆ ఇంటి పనిలో ఒక కట్టుబాటు ఉన్నది. దేవునికి, పెండ్లికి కట్టే మాలలో నారను కుడికి తిప్పి ముడి లాగుతారు. శవానికి కట్టే మాలలో ఎడమకు తిప్పుతారు. కంటికి రెండూ ఒకటే. వేలితో తడిమితే పనివారికి తెలుస్తుంది. ఎడమముడి మాల వేసుకొని పోయినవాడు వెనుదిరగడని, ఆ మాల లేకుండా పోతే తాను పోయిన సంగతి తెలియక ఇంటి గడప దగ్గరికి వస్తూనే ఉంటాడని ఈ సీమలో గట్టి నమ్మకం. ఎడమముడి మాల బతికున్నవాని మెడలో వేయడమంటే వానిని సాగనంపడమే.

తిమ్మయ్యకు కళ్ళు లేకపోయినా కోడలు కట్టిన ప్రతి మాలనూ తడిమి చూసేవాడు.

"ఏమ్మా కోడలా, పెండ్లికొడుకు మాల ఇంత వదులుగా కట్టినావు? తాళి కట్టేలోపల జారి పెండ్లికూతురు కాళ్ళ మీద పడుతుంది."

"పడనీ మామా. ఆ ఒక్క పూటైనా మొగోని మాల ఆడదాని కాళ్ళకు మొక్కుతుంది."

ముసలాయన నవ్వి మాలను బుట్టలో పెట్టేవాడు.

ఒక వేసవిలో మహమ్మారి వచ్చింది. వాంతులు, భేదులు. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి లేడు. మొదటి వారం కులానికొక తీరుగా కర్మలు జరిగాయి. తర్వాత మోసేవారు దొరకలేదు. పక్క ఊళ్ళలో మాలలు కట్టేవారందరూ పోయారు. ఎడమముడి తెలిసిన చేతులు ఓబులమ్మవి మాత్రమే మిగిలాయి. ఏ ఇంటివారు వచ్చి అడిగినా ఎవరని ఆమె అడగలేదు, కట్టింది. మల్లెలు అయిపోయాయి, బంతి అయిపోయింది. మిట్ట మీది గన్నేరు కోసి కట్టింది. గన్నేరు పాలు పట్టి వేళ్ళు పుండ్లు పడ్డాయి. కోటలో గుడి మూసేశారు గనుక స్వామి మాలల పని లేదు. నలభై రోజులు ఆమె చేయి ఎడమకే తిరిగింది. ఆ నలభై రోజుల్లో చెన్నప్పకు కట్టింది. చివరకు రంగికి కట్టింది. రంగి మాల మూరెడు కూడా లేదు.

వారం రోజులు ఎవరూ పోలేదు. మహమ్మారి వెళ్ళిపోయిందని సిద్దప నాయడు దండోరా వేయించాడు. శాంతి కోసం స్వామికి కల్యాణం చేయించ తలపెట్టాడు. కల్యాణం అయ్యాక స్వామి మెడలోని మాలను పాలెగాని ఒక్కగానొక్క కొడుకు మెడలో ప్రసాదంగా వేయడం ఆ కోట ఆచారం. ఆ బిడ్డకు పదేళ్ళు.

తోటలో బావి దగ్గర ఒక్క మల్లెపొద మిగిలింది. ఓబులమ్మ మొగ్గలన్నీ కోసి, అరటినార తడిపి, కల్యాణమాల కట్టడానికి కూర్చున్నది. మూరెడు కట్టి మామకు ఇచ్చింది. ముసలాయన తడిమి చూసి, మళ్ళీ మొదటి నుండి తడిమాడు.

"ఏం మామా?"

"ఎడమకు పోయినావమ్మా."

ఆమె విప్పింది. మళ్ళీ కట్టింది. కుడికి తిప్పుతున్నాననే అనుకున్నది. చేయి ఎడమకే తిరిగింది. మూడోసారి విప్పేసరికి సగం మొగ్గలు నలిగి నల్లబడ్డాయి. ఇక విప్పితే మాలకు పూలు చాలవు. కోటలో మేళం మొదలైంది.

"మామా, చెయ్యి మర్లడం లేదు. దొరతో చెప్పేస్తా."

"చెప్తే బతకనిస్తాడా? చూసేవానికి తెలిసేది కాదు. ఇచ్చేసి రా. దేవుడు తడిమి చూస్తాడా?"

మామ మాట మీద ఆమె మాలను పూర్తిచేసి ఇచ్చి, గుడి వాకిట నిలబడింది. కల్యాణం జరిగింది. అర్చకుడు స్వామి మెడలోని మాల తీసి, పాలెగాని కొడుకును పిలిచాడు. ఆ బిడ్డ తల వంచి నిలబడ్డాడు. అంతవరకు నోరు మూసుకున్న ఓబులమ్మ అప్పుడు మూసుకోలేకపోయింది.

"వేయొద్దు సామీ! అది శవం ముడి!"

మేళం ఆగిపోయింది. పాలెగాడు ఆమెను లాక్కురమ్మన్నాడు. నా వంశాన్ని తీయడానికి చేసిన చేతబడి ఇది అన్నాడు. చేయి అలవాటు పడి తప్పు చేసిందని ఆమె ఎంత చెప్పినా నమ్మలేదు.

"చంపాలనుకుంటే నోరు తెరుస్తానా దొరా?" అని ఆమె అడిగింది. ఆ మాటకు అతని కోపం పెరిగి దివ్యం పెట్టమన్నాడు. ఆ కాలంలో కాగే నూనెలో చేతులు ముంచమనేవారు. కాలకపోతే నిర్దోషి.

అమ్మ చేతులు కాలలేదని, నూనె చల్లబడి పన్నీరైందని కొందరు చెబుతారు. అది నిజం కాదు. కాలాయి. మణికట్టు దాకా కాలి, వేళ్ళు ఒకదానికొకటి అంటుకొని ముద్దలయ్యాయి. కాలిన చేతులు చూపి, దోషం రుజువైందని ఆమెను ఊరి బయటికి వెళ్ళగొట్టారు. మాన్యం తీసేసుకున్నారు. ఆమె మామను నడిపించుకొని ఈ మిట్ట మీద గన్నేరు చెట్ల కిందికి చేరింది. నేనే కదమ్మా ఇచ్చేయమన్నాను, నేనే కదా అని తిమ్మయ్య నాలుగు రోజులు ఏడ్చాడు. ఐదో రోజు పోయాడు. ఊరందరినీ మాలతో పంపిన ఇంటిలోని ముసలివానికి మాల లేదు. ఆమె ఆ చేతులతో పూలు పట్టుకోలేకపోయింది. చెట్టు కింద రాలిన గన్నేరు పూలను మోచేతులతో అతని మీదికి తోసింది. శ్మశానంలో గుంటలు తీసేవారు వచ్చి అతన్ని అక్కడే పూడ్చారు.

మహమ్మారి వెళ్ళలేదు. వారం రోజులు ఊపిరి పీల్చుకొని మళ్ళీ వచ్చింది. ఈసారి కోటలోకి వెళ్ళింది. పాలెగాని కొడుకు పోయాడు. అమ్మ శాపం తగిలిందని కొందరంటారు. అమ్మ ఎవరినీ శపించలేదు. మహమ్మారికి కోట అయినా గుడిసె అయినా ఒకటే.

బిడ్డ తల్లి ఒకటే మాట పట్టుకున్నది. "నా బిడ్డ దారి తెలియక గడపలో నిలబడతాడు. ఆ ముడి లేకుండా పంపనివ్వను." ఆ ముడి వేసే మనిషి సీమలో లేదు. ఉన్న ఒక్క మనిషి చేతులు పాలెగాడే కాల్చాడు.

అమ్మ కలలో కనబడి దొరను రమ్మన్నదని చెప్పేవారున్నారు. ఏ కలా రాలేదు. సిద్దప నాయడే చెప్పులు విడిచి, తెల్లవారాక అందరూ చూస్తుండగా ఈ మిట్ట ఎక్కాడు.

"అమ్మా, నా బిడ్డకు మాల కావాలి" అన్నాడు.

ఆమె రెండు చేతులూ ఎత్తి చూపింది. అతను తల దించుకున్నాడు. ఆమె పొమ్మనవచ్చు. పొమ్మంటే తప్పు పట్టేవారు లేరు. పక్కనే మామను పూడ్చిన మట్టి ఇంకా పచ్చిగా ఉన్నది. ఆమె దానివైపు చూసి, "మాల లేకుండా ఇంకొకరు పోకూడదు" అన్నది. తర్వాత అతనితో, "నా చేతులు లేవు. నోరుంది. నువ్వే కట్టు, నేను చెప్తా. పూలు కోసుకురా" అన్నది.

అతను అరటినార తెచ్చి, గన్నేరు కోసి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. కత్తి పట్టిన చేతికి పూల కాడ నిలవలేదు.

"అంత గట్టిగా పట్టొద్దు. కాడ నలుగుతుంది."

"ఇట్లనా?"

"అది కుడి. ఎడమకు తిప్పు. నీకు కష్టం, తెలుసు. లాగు ఇప్పుడు."

ముడి జారిపోయింది. పూలు రాలాయి. మళ్ళీ కట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. కోటలో పాడె ఎదురుచూస్తున్నది. గన్నేరు పాలకు అతని వేళ్ళు మండుతున్నాయి. ఎంత పొడుగు కట్టాలని అడిగాడు.

"మెడ నుంచి బొడ్డు దాకా. నీ బిడ్డ కొలత నన్నడుగుతావేంది దొరా?"

అప్పుడు సిద్దప నాయడు ఏడ్చాడు. అంతవరకు ఏడవలేదు. ఏడుస్తూనే కట్టాడు. ఒకచోట నాలుగు పూలు, ఒకచోట ఒట్టి నార. ఆమె మోచేతి లోపలివైపు ముడుల మీద ఆనించి మొదటి నుండి చివర దాకా చూసింది. అన్నీ ఎడమవే. "పో, తీసుకుపో" అన్నది. అతని తప్పును మన్నించానని ఆమె అనలేదు. అతను అడగనూ లేదు.

ఆమె మరుసటి వేసవి దాకా ఈ మిట్ట మీదనే ఉన్నది. పోయినవారి వాళ్ళు వస్తే చెప్పేది, వారు కట్టుకునేవారు. ఆమె పోయినప్పుడు మాల కట్టడానికి అలా నేర్చుకున్నవారు మూడు వందల మంది వచ్చారట. ఆమె కూర్చున్న చోటే ఈ రాయి నిలిపారు. ముడి నేర్పిన తల్లి కనుక ముడెమ్మ అన్నారు.

ఆనాటి కట్టుబాటు నేటికీ నడుస్తున్నది. మైల ఉన్నవారు ఇతర గుళ్ళకు వెళ్ళరు. ఇక్కడికి మైల ఉన్నవారే ముందు రావాలి. మిట్ట కింద పూల అంగళ్ళు పదిహేడు ఉన్నాయి. ఆ అంగళ్ళవారు పెండ్లిమండపాలకు, ఊరేగింపులకు పూలపని చేసి బతికేవారే. గంటలో ఇరవై మూరలు కట్టగల చేతులు వారివి. కానీ ఈ వీధిలో విడిపూలు, తడినార తప్ప కట్టిన మాల అమ్మరు. ఎంత ఇస్తామన్నా అమ్మరు. ఫోన్ చేసి ఆర్డర్ పెడితే పంపరు. మీరు అంగడి ముందు పీట మీద కూర్చుంటే, వారు చేతులు ఒడిలో పెట్టుకొని నోటితో చెబుతారు. మీరే కట్టాలి. ఆఖరి ముడి లాగేటప్పుడు పోయినవారి పేరు ఒక్కసారి పైకి అనాలి. ఆ మాలను తెచ్చి అమ్మవారి రాతి మీద వేయాలి.

ఇక్కడ సంతానం, ఉద్యోగం, ఐశ్వర్యం కోరుకోరు. కోరినా అమ్మ ఇస్తుందని ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కూర్చోలేక, ఏం చేయాలో తెలియక వచ్చినవారికి ఒక పూట చేతికి పని దొరుకుతుంది. ఇంటికి వెళ్ళి ఇంత అన్నం తినగలుగుతారు. అమ్మవారి దయ అంతవరకే.

మాల సరిగా కుదరలేదని ఎవరూ సిగ్గుపడవద్దు. చక్కగా కుదిరిన మాల ఈ రాతి మీద ఇంతవరకు ఒక్కటీ పడలేదు.